కలెక్టరేట్‌లో లాటరీ, ఫోన్‌లో నేరం

2024 అక్టోబర్ 14న ఆంధ్రప్రదేశ్ జిల్లా కేంద్రాల్లో లాటరీ తీశారు. మద్యం దుకాణాల లాటరీ. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు కట్టాలి. దుకాణం తగిలినా తగలకపోయినా ఆ 2 లక్షలు తిరిగి ఇవ్వరు. పదిమంది కలిసి వాటాలేసుకుని డజన్ల కొద్దీ దరఖాస్తులు పెట్టినవాళ్లున్నారు, వడ్డీకి తెచ్చి ఒకే ఒక్క దరఖాస్తు పెట్టినవాళ్లున్నారు. అధికారులు నంబర్లు తీస్తుంటే తమ నంబరు రానివాళ్లు ఉత్త చేతులతో ఇంటిదారి పట్టారు. చదువుకు మార్కుల్లేవు, అనుభవానికి మార్కుల్లేవు, వ్యాపారం చేయగల సత్తాకూ మార్కుల్లేవు. అచ్చంగా అదృష్టం. ఆ ఒక్క విడతలో ఖజానాకు దాదాపు 1,800 కోట్లు చేరింది. అంతకు ముందు ఏడాది తెలంగాణలో ఇదే పద్ధతిలో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అక్కడి ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా దక్కింది.

లాటరీకి డబ్బు కట్టినవాళ్లను ఏ మంత్రీ ఆపలేదు. నంబరు రానివాడి భార్యాపిల్లల గతేమిటని ఎవరూ అడగలేదు. కట్టినవాళ్లు పెద్దవాళ్లు, డబ్బు వాళ్లది, పోతుందని తెలిసే కట్టారు అన్నారు. ఆ మాట సరైనదే. నేను అడుగుతున్నదల్లా ప్రభుత్వాన్ని ఆ మాట మీద నిలబడమని.

నిలబడలేదు. 2025 ఆగస్టు 20న కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును లోక్‌సభలో పెట్టింది. అదే రోజు, ప్రతిపక్షాల నినాదాల మధ్య, చర్చే లేకుండా మూజువాణి ఓటుతో ఆమోదించుకుంది. 21న రాజ్యసభ దాటించింది. 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో చట్టం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, అది తెలివి ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా నిషేధం. నడిపినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేసినవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు చేరవేసిన బ్యాంకులూ పేమెంట్ సంస్థలూ కూడా నేరస్థులే. నడపడం, డబ్బు చేరవేయడం బెయిలు దొరకని నేరాలు. కోట్ల మంది పెద్దవాళ్లు తమ జేబులో డబ్బును ఏం చేసుకోవాలో తేల్చేసిన చట్టం మీద ఈ దేశ ప్రజల సభ ఒక్క పూట కూడా కూర్చుని మాట్లాడలేదు. దీనికి నాకు పట్టలేని కోపం వస్తోంది. బిల్లు మంచిదైనా చెడ్డదైనా రావలసిన కోపమే ఇది.

నా వైపు మాట సూటిగా చెబుతాను. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి ఈ రాజ్యాంగం ఓటిచ్చింది. అతను ముఖ్యమంత్రిని ఎన్నుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు, ఆస్తి అమ్ముకోవచ్చు. మద్యం కొనే వయసు వచ్చాక రోజూ క్వార్టర్ సీసా తాగి కాలేయం పాడుచేసుకోవచ్చు, దాని మీద ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది. అలాంటి మనిషి రాత్రి డ్యూటీ దిగొచ్చి ఫోన్‌లో 50 రూపాయలు పెట్టి రమ్మీ ఆడితే మాత్రం అతనికి మంచిచెడులు తెలియవని ప్రభుత్వం తేల్చింది. పౌరుణ్ణి ఒకచోట పెద్దమనిషిగా, ఇంకోచోట చంటిపిల్లాడిగా చూసే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

ఇక్కడ నా మీదికి వచ్చే ప్రశ్న నాకు తెలుసు. బెట్టింగ్ యాప్‌ల అప్పులతో పురుగుమందు తాగిన కుర్రాళ్ల సంగతేమిటి? ఆ వార్తలు నేనూ చదువుతున్నాను. పొలం అమ్మి కొడుకు అప్పు తీర్చిన తండ్రులు మన ఊళ్లలో ఉన్నారు. చెల్లి పెళ్లికి దాచిన డబ్బు ఒక్క రాత్రిలో పోగొట్టిన అన్నలున్నారు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇచ్చేంత గుండె రాయి కాదు నాది. వాళ్ల పేరు చెప్పి తెచ్చిన చట్టం వాళ్ల పిల్లల్ని కాపాడుతుందా అన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. తెలంగాణ చరిత్ర చాలు.

రమ్మీతో సహా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ తెలంగాణ 2017లోనే ఆర్డినెన్స్ తెచ్చి నిషేధించింది. దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రాల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్‌లో అదే బాట పట్టింది. అక్కడైతే ఆడినవాడికే ఆరు నెలల జైలు. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను మూసేయించమని ఆనాటి ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు. మరి ఏం జరిగింది? నిషేధం వచ్చిన దాదాపు ఎనిమిదేళ్లకు, 2025 మార్చిలో, బెట్టింగ్ యాప్‌ల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించాల్సి వచ్చింది. యాప్‌లకు ప్రచారం చేశారని సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టాల్సి వచ్చింది. అంటే ఆ ఎనిమిదేళ్లూ ఆట ఆగలేదు. ఆత్మహత్యలూ ఆగలేదు. చట్టం పుస్తకంలో ఉంది, యాప్ ఫోన్‌లో ఉంది. ఒక రాష్ట్రంలో ఎనిమిదేళ్లు విఫలమైన మందునే దేశమంతటికీ పట్టించడాన్ని వైద్యం అనరు.

నిషేధం ఉన్నచోట ఆట ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూడండి. కుర్రాడికి టెలిగ్రామ్‌లోనో ఇన్‌స్టాలోనో ఒక నంబరు దొరుకుతుంది. వాట్సాప్‌లో హాయ్ అంటే అవతల ఒక ఏజెంటు. అతను ‘ఐడీ’ ఇస్తాడు: ఒక లింకు, ఒక పేరు, ఒక పాస్‌వర్డ్. డబ్బు వేయడానికి క్యూఆర్ కోడ్ పంపుతాడు. పొద్దున పంపిన కోడ్‌లో ఒక కిరాణా కొట్టు పేరుంటుంది, సాయంత్రానికి ఎవరో కాలేజీ అమ్మాయి ఖాతా వస్తుంది, మర్నాడు ఇంకో రాష్ట్రంలోని కూలీది. అవన్నీ కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలు. సైటు నడిపేవాడు ఏ దేశంలో ఉన్నాడో ఏజెంటుకే తెలియదు. మొదట రెండు మూడుసార్లు గెలుపు డబ్బు గంటలో వచ్చేస్తుంది. పెద్ద మొత్తం గెలిచిన రోజు ఐడీ బ్లాక్ అవుతుంది, నంబరు పనిచేయదు. ఓడితే మాత్రం అదే ఏజెంటు అప్పిస్తాడు. వారం తర్వాత ఇంటికి మనుషుల్ని పంపుతాడు. ఆ కుర్రాడు పోలీసుల దగ్గరికి వెళ్లగలడా? వెళ్లలేడు, ఎందుకంటే అతను ఆడినదే చట్టవిరుద్ధం. ఇంట్లో చెప్పగలడా? బ్యాంకులో అడగగలడా? అన్ని తలుపులూ మూసుకుపోయినవాడికి ఆ ఏజెంటు ఒక్కడే మిగులుతాడు. పురుగుమందు డబ్బా దాకా నడిపించేది ఈ ఒంటరితనమే. ఆటను నేరం చేసి ఈ ఒంటరితనాన్ని చట్టమే పెంచింది.

కొత్త కేంద్ర చట్టం ఆటగాణ్ణి శిక్షించదు, నిజమే. ఆ మేరకు ఆంధ్రప్రదేశ్ చట్టం కంటే నయం. కానీ అతనికి ఉన్న ఏకైక రక్షణను అదే చట్టం తీసేసింది. మన దేశంలో రిజిస్టరైన కంపెనీ అయితే దానికి ఒక చిరునామా ఉంటుంది, పాన్ ఉంటుంది, మూలం వద్దే పన్ను కోత (టీడీఎస్) ఉంటుంది, కోర్టుకు లాగడానికి డైరెక్టర్లుంటారు. నిషేధం దెబ్బకు డబ్బు ఆటలు ఆపేసినవి ఆ కంపెనీలు. చిరునామా లేనివాడికి ఈ చట్టం చీమ కుట్టినట్టయినా లేదు. నిన్నటిదాకా కంపెనీకి వెళ్లిన ఆటగాణ్ణి ప్రభుత్వమే చేయిపట్టి తీసుకెళ్లి బుకీకి అప్పగించింది.

ఆ కంపెనీల మీద నాకు ప్రేమ ఉందనుకోకండి. చేరగానే బోనస్ అని ఆశపెట్టి, ఓడినవాడి ఫోన్‌కి అర్ధరాత్రి కూడా మెసేజీలు పంపి, క్రికెటర్లనూ హీరోలనూ కొని ఊరూరా బోర్డులు పెట్టించారు. వాళ్ల మెడలు వంచాల్సిందే. వంచే దారి ప్రభుత్వం దగ్గర ఉండింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రమే ఐటీ నిబంధనలు సవరించింది. ఏ ఆట అనుమతించదగినదో తేల్చే సంస్థలను గుర్తిస్తామంది. ఒక్క సంస్థను కూడా గుర్తించలేదు. అదే నెల నుంచి గెలుపు డబ్బు మీద 30 శాతం పన్ను కోత మాత్రం మరింత బిగిసింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆటగాడు వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ కూడా వచ్చింది. నియంత్రణ కాగితం మీదే మిగిలింది, వసూలు మాత్రం తు.చ. తప్పకుండా జరిగింది. రెండేళ్లు ఆట మీద పన్ను పిండుకుని, కాపాడతామన్న నిబంధనను అటకెక్కించి, చివరికి ఇది సమాజానికి విషం అని నిషేధించారు. విషమని తెలిసి రెండేళ్లు దాని మీద ఆదాయం తిన్నందుకు ముందు జవాబు చెప్పాలి.

ఆట తెలివిదా, అదృష్టానిదా అన్న గొడవకు పుట్టిల్లు మన ఊరే. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓడిపోయింది. 1967లో తీర్పు చెప్పిన జస్టిస్ హిదయతుల్లా ఆ ఆటను ముక్క ముక్కగా విడదీసి చూశారు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని తేల్చారు. గుర్రప్పందేలకూ 1996లో సుప్రీంకోర్టు అదే గీత గీసింది. దాదాపు అరవై ఏళ్లు దేశంలో చాలా భాగం ఆ గీత మీద నడిచింది. తమిళనాడు, కర్ణాటక దాన్ని దాటి నిషేధాలు తెస్తే 2021లో మద్రాసు హైకోర్టు, 2022లో కర్ణాటక హైకోర్టు కొట్టేశాయి. ఇప్పుడు కేంద్రం ఒక్క నిర్వచనంతో ఆ గీతను చెరిపేసింది. జూదం, పందేలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోవన్న సంగతిని కూడా పక్కన పెట్టింది. చట్టాన్ని సవాలు చేసిన కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది. ఏమంటుందో చూడాలి. కోర్టు ఏమన్నా సరే, మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం మీద పందెం ఎందుకు ఒప్పు, అదే మనిషి ఫోన్‌లో పేక మీద పందెం ఎందుకు తప్పు అన్న ప్రశ్నకు ఈ చట్టం రాసినవాళ్ల దగ్గర జవాబు లేదు. కేరళ ప్రభుత్వం 1967 నుంచీ సొంతంగా లాటరీ నడుపుతోంది. దానికీ వాళ్ల దగ్గర జవాబు లేదు.

సంక్రాంతి కోడిపందేల సంగతి ఎత్తను. భీమవరం చుట్టుపక్కల బరులు, ఫ్లడ్‌లైట్లు, పక్కనే గుండాట బల్లలు, ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చునే ప్రజాప్రతినిధులు. హైకోర్టు ఆదేశాలున్నా ఏటా ఏం జరుగుతుందో తెలుగువాడికి నేను చెప్పక్కర్లేదు.

అంతకంటే పెద్ద లెక్క ఒకటుంది. ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో జనం ఏడాదికి దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వ వర్గాలు అంచనా చెప్పాయి. ఈ నిషేధానికి అదే పెద్ద సాక్ష్యం. సరే, ఆ అంకెను నమ్ముదాం. మరి స్టాక్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడే మామూలు జనం 2024–25లో పోగొట్టుకున్నది ఎంత? మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన లెక్కే: 1,05,603 కోట్లు. ఆడినవాళ్లలో నూటికి 91 మంది నష్టపోయారు. అంతకు ముందు మూడేళ్లలో కోటి మందికి పైగా ఆడితే 93 శాతం నష్టపోయారు, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. ఇదీ ఫోన్‌లోనే ఆడతారు. ఇందులోనూ అదే వయసు కుర్రాళ్లున్నారు. అవే అప్పులు, అవే తెల్లవారుజామున నిద్రపట్టని కళ్లు. దీని మీద ప్రభుత్వం ఏం చేసింది? సెబీ కనీస లావాదేవీ పరిమాణం (లాట్ సైజు) పెంచింది, వారంవారం గడువు ముగిసే ఒప్పందాలు తగ్గించింది, ప్రభుత్వం లావాదేవీ పన్ను పెంచింది. అంటే నియంత్రించారు. నిషేధించలేదు, జైలు పెట్టలేదు. అది మంచి పని. ఐదు రెట్ల నష్టం ఉన్నచోట నియంత్రణ చాలని తెలిసిన ప్రభుత్వానికి, ఐదో వంతు నష్టం ఉన్నచోట జైలు ఎందుకు కావలసి వచ్చింది? బ్రోకర్లూ ఎక్స్ఛేంజీలూ పెద్దింటి బంధువులు. రమ్మీ ఆడే ఆటో డ్రైవర్ వెనక ఎవరూ లేరు.

జనం కంటపడని ఇంకో ముక్క ఈ చట్టంలో ఉంది. అధికారం ఇచ్చిన అధికారి వారెంట్ లేకుండా ఎక్కడికైనా వెళ్లి సోదా చేయవచ్చు, అనుమానం ఉన్నవాణ్ణి అరెస్టు చేయవచ్చు. సోదా చేసే చోటు అంటే ఇల్లూ వాహనమే కాదు, కంప్యూటర్, డిజిటల్ ఖాతా, అందులోని రికార్డులూ. అవసరమైతే పాస్‌వర్డ్‌ను పక్కకు నెట్టి లోపలికి వెళ్లొచ్చు. ఆటగాడికి శిక్ష లేదు కదా, నాకేం భయం అనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించండి. మీరు ఆటగాడో ఏజెంటో తేలేది మీ ఫోన్ తెరిచి చూశాకే. మీ భార్యతో మాటలు, మీ డాక్టర్ రిపోర్టు, మీ రాజకీయ గ్రూపు అన్నీ అదే ఫోన్‌లో ఉంటాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లో చెప్పింది. అదే దేశంలో పేకాట పేరు చెప్పి వారెంట్ లేకుండా ఫోన్ తెరిచే అధికారం రాసుకున్నారు. పేకాట అంటే గిట్టనివాళ్లు కూడా ఈ ఒక్కదానికైనా అడ్డం తిరగాలి. ఈరోజు జూదం పేరుతో తెరిచిన తలుపు రేపు ఇంకో పేరుతోనూ తెరుచుకుంటుంది.

ఇంకో దారి లేదా? పక్క రాష్ట్రమే చూపించింది. మద్రాసు హైకోర్టులో దెబ్బతిన్న తమిళనాడు 2025లో నిబంధనలు తెచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ప్రవేశం లేదు. ఆధార్‌తో గుర్తింపు. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదు దాకా డబ్బు ఆట బంద్. గంట దాటి ఆడితే తెర మీద హెచ్చరిక. 2025 జూన్‌లో అదే హైకోర్టు వీటిని సమర్థించింది. నేనైతే ఆధార్ మెలికను ఒప్పుకోను, కానీ మిగతావి ఆలోచించి పెట్టిన నిబంధనలు. మనిషి మనసు బలహీనపడే వేళ తెలుసుకుని అక్కడ తలుపు వేశారు. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో జూదం 2020 నుంచి బంద్. నన్ను ఆడనివ్వకండి అని ఒక్కచోట పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ ఆ మనిషికి మూసుకుపోతాయి. ఆటను వదల్లేనివాడికి ఇది నిజమైన సాయం. తన చేతిని తానే కట్టేసుకునే అవకాశం అతనికి దొరుకుతుంది. మన నిషేధంలో ఈ అవకాశం లేదు. వాట్సాప్ ఏజెంటుకు ‘నన్ను ఆడనివ్వకు’ అని చెబితే వినడు.

నెలకు ఇంతకు మించి వేయకూడదన్న పరిమితి పెట్టవచ్చు. అప్పు తెచ్చి ఆడనివ్వకుండా ఆపవచ్చు. బోనస్‌ల ఎర, సినిమా తారల ప్రకటనలు పూర్తిగా బంద్ చేయవచ్చు. వచ్చిన పన్నులో ఒక వాటా జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులకు కేటాయించవచ్చు. ఇవన్నీ కష్టమైన పనులు. మనుషులు కావాలి, రోజూ చూసుకోవాలి, కంపెనీలతో పోట్లాడాలి. నిషేధానికి మూడు రోజులు చాలు. అందుకే నిషేధాన్ని ఎంచుకున్నారు. ఇది పిల్లల మీద జాలితో చేసిన చట్టం కాదు, పని తప్పించుకోవడానికి చేసిన చట్టం.

నిషేధాల సంగతి తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. ఆ పోరాటం పుణ్యమాని 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే ఎత్తేసింది. ఆ రెండేళ్లలో సరిహద్దులు దాటి ఎంత సరుకు వచ్చిందో, ఎవరు బాగుపడ్డారో మన పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ ఆడవాళ్లు కోరింది తమ ఇంటి కూలిడబ్బు ఇంటికి చేరాలని. ముప్పై ఏళ్లు గడిచాయి. నేడు అదే ప్రభుత్వం కలెక్టర్ చేత మద్యం దుకాణాలకు లాటరీ తీయిస్తోంది. ఈ చరిత్ర ఉన్న రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు లోక్‌సభలో 2025 ఆగస్టు 20న ఈ బిల్లు మీద నోరు తెరవకపోవడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తోంది.

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25 స్థానాలు, తెలంగాణకు 17. అందులో ఒకటి మీది. మీ ఎంపీ ఈసారి మీ ఊరికి వచ్చినప్పుడు పార్టీ ఏదన్నది పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. చర్చ లేకుండా ఈ చట్టం దాటుతుంటే మీరు ఎందుకు లేచి అడ్డు చెప్పలేదు? వారెంట్ లేకుండా మా ఫోన్లు తెరిచే సెక్షన్‌ను సవరించమని ఎప్పుడు అడుగుతారు? నిషేధం ఎత్తేసి, కంపెనీల మెడలు వంచే నియంత్రణ చట్టం ఎప్పుడు తెస్తారు? జవాబు నోటిమాటగా వద్దు. రాసి, సంతకం పెట్టి ఇమ్మని అడగండి.